నాయన ఎంచుకున్న ఇరవై మాటలు

నాయన గొంతులో గడ్డ ఉందని, స్వరపేటిక మొత్తం తీసేయక తప్పదని కర్నూలు ఆసుపత్రిలో డాక్టరు చెప్పినప్పుడు అమ్మ నేల చూసింది, నేను గోడ చూశాను. నాయన ఒక్కడే డాక్టరు మొహంలోకి చూసి, "తీసేసినాక మల్ల మాట వస్తాదా?" అని అడిగాడు. అప్పటికే గొంతు బొంగురుపోయి గరగరలాడుతోంది. అయినా ఆ గదిలో అందరికంటే గట్టిగా వినిపించింది ఆయన గొంతే.

డాక్టరు దాచలేదు. మామూలు మాట ఇక రాదన్నాడు. మెడ ముందు ఒక రంధ్రం పెడతారు, ఊపిరి అందులోంచే. నోటికీ ఊపిరితిత్తులకూ సంబంధం తెగిపోతుంది. కానీ గాలి మింగి, దాన్ని తేన్పులాగా పైకి తెచ్చి, ఆ తేన్పుతోనే మాట్లాడే విద్య ఒకటి ఉంది. ఈత నేర్చుకున్నట్టు నేర్చుకోవాలి. ఆపరేషన్‌కు ముందే సిద్ధపడినవాళ్లకు వస్తుంది, తర్వాత చూద్దాంలే అనుకున్నవాళ్లలో చాలామందికి రాదు. ఇంకా మూడు వారాలుంది కాబట్టి మాటలు నేర్పే మేడమ్‌ను కలవమని చీటీ రాసిచ్చాడు.

బయటికొస్తూ నాకు వచ్చిన మొదటి ఆలోచన ఇక్కడ రాయకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది. 'ఇక ఆ గొంతు వినపడదు' అనుకున్నాను. నడుస్తున్నదాన్ని ఒక్క క్షణం ఆగి మరీ అనుకున్నాను.

నాయన పత్తికొండ టమోటా మండీలో వేలం పాడేవాడు. ముప్పై ఏళ్లకు పైగా అదే పని. గంపల మధ్య నిలబడి పాట ఎత్తుకుంటే వందమంది కేకల మీదుగా ఆయన గొంతు పోయి గేటు బయట లారీ డ్రైవరుకు తగిలేది. ఆదివారం చర్చిలో ప్రార్థన చేయమని పాస్టరు పిలిచేది కూడా ఆయన్నే. ఆయన ప్రార్థన చేస్తుంటే ముసలమ్మలు కొంగులతో కళ్లు ఒత్తుకునేవాళ్లు. ఇంటికి వచ్చాక అదే గొంతు మా మీద పడేది. కొట్టేవాడు కాదు. ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు. అది చూసి ఊళ్లో అందరూ అమ్మను అదృష్టవంతురాలు అనేవాళ్లు. ఆ అదృష్టవంతురాలిని ఆయన 'మొద్దు' అని పిలిచేవాడు. ఇంకో పేరుతో పిలవగా నేను వినలేదు.

నాకు పదకొండో ఏట చెంప మీద తెల్లమచ్చ లేచింది, రూపాయి బిళ్లంత. బొల్లి అన్నారు. ఒక సాయంత్రం మండీ వాళ్లు నలుగురు మా అరుగు మీద కూర్చుని ఉంటే నేను టీ గ్లాసులు తీసుకుపోయాను. నాయన నా భుజం పట్టి వాళ్లవైపు తిప్పి, మండీ గొంతుతో వేలం మొదలుపెట్టాడు. మచ్చకాయ అప్పా, ఒక పక్క మచ్చ, రెండో పక్క బాగుండాది, పాడండప్పా పాడండి, అని. ఎవరూ పాడలేదు. నవ్వారు. ఆయన మూడుసార్లు పిలిచి చూసి, "అమ్ముడుపోని కాయ ఇది, ఇంట్లోనే కుళ్లల్ల" అని నన్ను వదిలేశాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నేను 'కాయ'ను. అన్నానికి పిలిచినా కాయే, బడికి పొమ్మన్నా కాయే.

ఇప్పుడు నాకు నలభై దాటాయి. మచ్చ మెడ దాకా పాకింది. కర్నూల్లో ఒక బడిలో ఒకటో తరగతికి పాఠాలు చెబుతాను, రెండు గదుల ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను. ఆసుపత్రి దగ్గరని ఇద్దరూ నా ఇంట్లోనే దిగారు.

మాటలు నేర్పే మేడమ్ చిన్న వయసు అమ్మాయి. మా ముగ్గురినీ కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. కొత్త మాట ఒక్కసారిగా రాదు. మొదట ఇరవై మాటలు ఎంచుకోవాలి, లేకపోతే రోజు గడవనివి. ప, త, ట, క అక్షరాలతో మొదలయ్యేవైతే మేలు. వాటిని పలికేటప్పుడు గాలి దానంతటదే గొంతులోకి పోతుంది. మ, న లాంటివి ముక్కులోంచి రావాల్సినవి, అవి చాలా కష్టం. ఆ ఇరవై మాటలు ఇప్పుడే, గొంతు ఉండగానే ఎంచుకుని, పెదాలతో, నాలుకతో సాధన చేసి పెట్టుకోవాలి. వచ్చే మంగళవారం ఒకాయన వస్తాడు, ఆయన్ను చూస్తే మీకే అర్థమవుతుంది అంది.

ఆ వచ్చినాయన కడప మనిషి. ఒకప్పుడు బస్సు కండక్టరు. ఏడేళ్ల కిందట ఇదే ఆపరేషన్ అయింది. తెల్లటోపీ, మెడ రంధ్రానికి అడ్డంగా వేలాడే తెల్లబట్ట. నేను చాచా అని పిలిచాను. ఆయన మా ఎదురుగా నిలబడి, గాలి ఒక గుటక మింగి, పాత బస్సు కేక వేసి చూపించాడు. "కడప. రాజంపేట. పదండి. పదండి." ఒక్కో మాట ఒక్కో తేన్పు. అమ్మ కుర్చీ వెనక్కి జరుపుకుంది.

నాయన నవ్వాడు. చాచా మొహం మీదే, "కప్ప మాదిరి ఉండాదే ఈ గొంతు" అన్నాడు.

చాచా బాధపడలేదు. "కప్పే అన్నా. కాకపోతే. బతికిన కప్ప."

తనకు ఆపరేషన్ అయినప్పుడు ముందే సిద్ధపడాలని చెప్పినవాళ్లు లేరని, ఏడాదికి పైగా మూగగా గడిచిందని ఆయన ముక్కలు ముక్కలుగా చెప్పాడు. అందుకే నెలకు రెండు మంగళవారాలు కడప నుంచి బస్సెక్కి వస్తాడట, కొత్తవాళ్లకు చెప్పడానికి. అంతా విని నాయన నవ్వడం మానేశాడు.

ఆ తర్వాతి రెండు వారాలు నాయనలో నేను ఎప్పుడూ చూడని మనిషిని చూశాను. ఎవరి దగ్గరా ఏదీ నేర్చుకోని మనిషి, ఎవరినీ ఏదీ అడగని మనిషి, తెల్లవారగానే మిద్దె మీదికి పోయి గోలీ సోడా తాగి తేన్పులు లెక్కపెట్టేవాడు. తలకింద మూడు దిండ్లు పెట్టుకుని పడుకోవడం అలవాటు చేసుకున్నాడు, ఆపరేషన్ తర్వాత అట్లాగే పడుకోవాలని. పాత పంచెలు చింపించి అమ్మ చేత మెడగుడ్డలు ఆరు కుట్టించాడు, అద్దం లేకుండా కట్టుకోవడం నేర్చుకున్నాడు. అందులో సగం పట్టుదల ఉంటే నా బడిపిల్లలు అ నుంచి బండి ఱ దాకా నెలలో నేర్చేస్తారు. నాకు ముచ్చట వేసింది. ఆ మాట కూడా చెప్పాలి.

మాటల పట్టిక నా పని. నాయనకు అంకెలు తప్ప అక్షరాలు రావు. గోడకు చార్టు అంటించి, ఆయన చెప్పింది రాసేదాన్ని. తే. పో. టీ. ఆ మూడూ ఆలోచించకుండా చెప్పాడు. తర్వాత కొంచెంసేపు చార్టు వైపు చూసి, "నాలుగోది కాయ అని రాయి" అన్నాడు.

నేను మండీ సంగతి అనుకున్నాను. "టమోటాలకా?"

"కాదు, నీకు. నిన్ను పిలవల్ల గదా. క తోనే ఉండాది, సులువుగా వస్తాది."

ఆయన మాటలో వెక్కిరింత లేదు. అదే నన్ను కోసింది. ముప్పై ఏళ్ల కిందట అరుగు మీద జరిగింది ఆయనకు గుర్తు కూడా లేదు. అది నా పేరు, అంతే. "పాప అని పెట్టుకో నాయనా. ప అయితే ఇంకా సులువు" అన్నాను. నా గొంతు ఎట్లా ఉందో నాకే వినిపించింది, బడిలో ఎవరైనా పిల్ల బలపం అడిగినట్టు.

ఆయన నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. "నలభై దాటినదానికి పాపనా? ఎవరన్నా వింటే నవ్వుతారు."

నేను 'కాయ' అని రాశాను. నా దస్తూరి బాగుంటుంది. గుండ్రంగా, పిల్లలకు రాసినట్టే రాశాను.

అమ్మ సంగతి రెండో మంగళవారం వచ్చింది. మీ ఆడమనిషిని ఏమని పిలుస్తావన్నా, దానికి కూడా ఒక మాట పెట్టుకో అన్నాడు చాచా. నాయన చాలాసేపు ఆలోచించాడు. ఏయ్ అంటే గాలి నిలవదు. మొద్దు అంటే మ పలకదు. చాచా పేరు అడిగాడు. పేరు పెట్టి ఎట్లా పిలుస్తానని నాయన చిరాకుపడ్డాడు. చివరికి, దానికి మాట ఎందుకులే, స్టీలు పళ్లెం మీద గరిటెతో కొడితే వస్తాది అన్నాడు. ఆ సాయంత్రమే లెక్క పెట్టుకున్నాడు. ఒక దెబ్బకు నీళ్లు, రెండు దెబ్బలకు కూడు, మూడు దెబ్బలకు ఉన్నపళంగా రావాలి. అమ్మను వంటగదిలో నిలబెట్టి, తాను మంచం మీద కూర్చుని కొట్టి చూశాడు. అమ్మ మూడుసార్లు వచ్చి మూడుసార్లు పోయింది. ఇరవై మాటల్లో ఆమెకు ఒక్కటీ లేదు.

ఆపరేషన్ రోజు పొద్దున ఏమైనా చెప్పుకోవాలంటే ఇప్పుడే చెప్పుకోండని నర్సు అంది. అమ్మ స్ట్రెచర్ పక్కన నిలబడింది. నేను కాళ్ల దగ్గర నిలబడ్డాను. నాయన అమ్మ వైపు తల తిప్పి, "తువ్వాలు తెచ్చినావా మొద్దూ?" అన్నాడు. ఆ గొంతుతో ఆయన అన్న ఆఖరి మాట అది. అమ్మ తువ్వాలు తెచ్చింది. సంచీలోంచి తీసి చూపించింది.

ఇంటికి తెచ్చాక మొదటి వారం అందరం భయంభయంగా ఉన్నాం. రెండో వారం నుంచి అమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది. కూరగాయలు తరుగుతూ రాజంపేట పక్క తన పుట్టింటి కబుర్లు, వాళ్ల నాయన తమలపాకు తోట, తోటకు నీళ్లు కట్టేటప్పుడు తాను పాడే పాటలు చెప్పేది. నలభై ఏళ్లు నాకు తెలియని మనిషి నా వంటగదిలో కూర్చుని నవ్వుతోంది. పక్క గదిలో నాయన దిండ్లకు ఆనుకుని అదంతా వింటున్నాడు. ఒకరోజు అమ్మ పాట ఎత్తుకుంది, గట్టిగానే. పళ్లెం మీద మూడు దెబ్బలు పడ్డాయి. అమ్మ చరణం పూర్తిచేసి గానీ లేవలేదు.

ఆరు వారాలకు మేడమ్ నాకు ఫోను చేసింది. పుండు మానిందట, ఈ మంగళవారం నుంచి తరగతి మొదలు, తోలుకురండి అంది. నేను బడిలో ఉన్నాను. వెనక పిల్లలు క నుంచి వల్లెవేస్తున్నారు. "జ్వరం వచ్చింది మేడమ్" అన్నాను. అది ముందుగా అనుకున్న అబద్ధం కాదు. తర్వాతి వారానిది మాత్రం అనుకున్నదే. ఊరికి పోయినాడన్నాను. ఆ తర్వాత నీరసం, ఆ తర్వాత చుట్టాల ఇంట్లో చావు. నాయనకేమో పుండు లోపల ఇంకా పచ్చిగా ఉందట, ఆగమన్నారని చెప్పాను. ఆయన నమ్మాడు. చదువుకున్న కూతురు చెబుతోంది కదా.

నమ్మి ఊరుకోలేదు. మిద్దె మీదికి పోయి ఒక్కడే సాధన చేసేవాడు. నేర్పేవాళ్లు లేక గాలి గొంతులో నిలవకుండా కడుపులోకి పోయేది. పొట్ట ఉబ్బి, చెమటలు పట్టి కిందికి దిగేవాడు. చార్టు దగ్గర నిలబడి ఒక్కో మాట మీద వేలు పెట్టి పెదాలు కదిపేవాడు. అక్షరాలు రాకపోయినా వరస గుర్తుంది. వేలు నాలుగో మాట మీదికి వచ్చినప్పుడు నేను గదిలోంచి లేచిపోయేదాన్ని.

ఒకరోజు గోలీ సోడాలు ఆగిపోయాయి. అంగట్లో లేవంట అంది అమ్మ. అంగడి మా వీధి చివరే, సోడాలు నేను రోజూ చూస్తూనే ఉన్నాను. ఇంకోరోజు స్టీలు పళ్లెం కనపడలేదు. అమ్మ ఆయనకు ప్లాస్టిక్ పళ్లెంలో పెట్టింది. గరిటెతో కొడితే శబ్దం రాదు. ఆయన కొట్టాడు, మళ్లీ కొట్టాడు, తర్వాత గరిటెను తిప్పి చూసుకున్నాడు. ఆ ఆపరేషన్ అయినవాళ్లకు వాసన కూడా సరిగా తెలియదు. ఒక మధ్యాహ్నం అమ్మ ఆయనకు పులిసి నురగ వచ్చిన నిన్నటి పప్పును వేడిచేసి వడ్డించింది. నేను చూశాను. అమ్మ నేను చూడటం చూసింది. "వాసన తెలీదు గదా" అంది. నేను నా కంచంలో పెరుగు కలుపుకున్నాను.

రెండు నెలలు ఇట్లా గడిచాయి. ఒక మంగళవారం సాయంత్రం బడి నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే వాకిట్లో చాచా నిలబడి ఉన్నాడు. చేతిలో పండ్ల సంచీ. ఆసుపత్రి రిజిస్టరులో అడ్రసు చూసుకుని వచ్చాడట. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"తెలిసిందమ్మా. పోయినాడని. కడసారి చూపు. దక్కకపాయె."

నాకు అర్థం కాలేదు. అంతలో ఆయన నా భుజం మీదుగా లోపలికి చూశాడు. మంచం మీద నాయన చేటలో శనక్కాయలు వేసుకుని ఒలుస్తున్నాడు.

నేను ఫోను ఇంట్లో మరిచిపోయిన రోజు మేడమ్ చేస్తే అమ్మ ఎత్తిందని అప్పుడు తెలిసింది. "ఆయన లేడమ్మా" అని పెట్టేసింది. అవతలి పిల్ల దాన్ని ఎట్లా అర్థం చేసుకోవాలో అట్లాగే చేసుకుంది. పేరు కొట్టేశారు. తర్వాత అడిగితే అమ్మ తొణకలేదు. "నేనేం అబద్ధం చెప్పలా. ఆయప్ప బాత్రూములో ఉండె" అంది.

చాచా లోపలికి వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. నాయన చెయ్యి పట్టుకుని చూసుకున్నాడు, బతికున్న చెయ్యేనా అన్నట్టు. తర్వాత ఆయనకు జరిగింది చెప్పాడు. తరగతులు మొదలై రెండు నెలలైందని, మేడమ్ ప్రతి వారం ఫోను చేసిందని, వారానికొక కారణం విన్నామని, ఆఖరికి నువ్వే లేవన్నారని. ఒక్కో ముక్క ఒక్కో తేన్పుతో వచ్చింది. మధ్యలో ఆపడానికి, మాట మార్చడానికి నాకు బోలెడంత సమయం ఉంది. నేను ఆపలేదు.

నాయన అమ్మను చూశాడు. నన్ను చూశాడు. తర్వాత ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. కాదు, నవ్వుతున్నాడు. నోరంతా తెరిచి, కళ్లనీళ్లు కారేలా నవ్వుతున్నాడు, కానీ శబ్దం లేదు. మెడగుడ్డ మాత్రం గాలికి పైకి లేచి పడుతోంది. ఆ నవ్వు చాలాసేపటికి ఆగింది. ఆగాక ఒలిచిన పప్పు గుప్పెడు తీసి చాచా చేతిలో పెట్టాడు. మా వైపు మళ్లీ చూడలేదు.

చాచాను సాగనంపడానికి వీధి మలుపు దాకా పోయాను. తిడతాడనుకున్నాను. "ఏం చేసినాడమ్మా నీకు?" అని మాత్రం అడిగాడు. అరుగు మీద వేలం సంగతి చెప్పాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆయన నిలబడి పూర్తిగా విన్నాడు. ఆటో వచ్చింది. ఎక్కుతూ, "నేనూ మంచోన్ని. కాదులేమ్మా" అన్నాడు. ఇంకేమైనా అంటాడేమోనని చూశాను. ఆటో పోయింది.

తర్వాతి మంగళవారం నాయన మెడగుడ్డ మార్చుకుని ఒక్కడే ఆసుపత్రికి పోయాడు. నేను వస్తానంటే చేత్తో వద్దన్నాడు. గాలి కడుపులోకి మింగే అలవాటు పడిపోయిందని, దాన్ని మాన్పించి కొత్తది నేర్పడానికి రెట్టింపు కాలం పడుతుందని మేడమ్ నాకు ఫోనులో చెప్పింది. ఆమె గొంతులో నా మీద మర్యాద తగ్గిపోవడం స్పష్టంగా తెలిసింది. ఏడాది తిరిగేసరికి ఆయనకు తొమ్మిదో పదో మాటలు వచ్చాయట. ఏవో, తర్వాత ఇంకెన్ని వచ్చాయో నాకు తెలియదు. మా ముందు ఒక్కటీ పలకలేదు. నన్ను ఏ పేరుతోనూ పిలవలేదు.

ఇప్పుడు పత్తికొండలోనే ఉన్నారు ఇద్దరూ. మండీలో వేలం పాడటానికి వేరే మనిషి వచ్చాడు. నాయన పొద్దున పోయి గేటు దగ్గర కూర్చుని వస్తాడు. అమ్మ కూర వండి పెడుతుంది, పులిసినది కాదు. ఆయన తింటాడు. నేను చేసింది తప్పని నాకు తెలుసు. అయితే ఆ మొదటి ఫోను మళ్లీ వస్తే వేరే జవాబు చెబుతానని ఒట్టేసి చెప్పలేను. ప్రయత్నించి చూశాను, నోరు రాలేదు.

పోయినసారి ఊరికి వెళ్లినప్పుడు సాయంత్రం పెరట్లోంచి వింత శబ్దాలు వినపడ్డాయి. నాయన గోడకు ఆనుకుని ఫోనులో మాట్లాడుతున్నాడు. స్పీకరు పెట్టి ఉంది. ఇటు ఒక తేన్పు, అటు ఒక తేన్పు. మధ్యలో భుజాలు కదిలే నవ్వు. అర్ధగంట పైనే సాగింది. నేను తలుపు దగ్గరికి రాగానే ఆయన ఫోను చెవికి ఆనించుకుని ఊరుకున్నాడు, నేను లోపలికి పోయేదాకా.

కర్నూలుకు వచ్చాక ఉండబట్టలేక చాచాకు ఫోను చేశాను. రోజూ మాట్లాడుకుంటారట, రెండేళ్లుగా. ఏం మాట్లాడతాడని అడిగాను. టమోటా రేట్లు, వానలు, కడపలో ఎండలు అన్నాడు. ఇంకా ఏదో అడగాలని, చివరికి అదే అడిగాను. మా గురించి ఏమైనా అంటాడా చాచా అని.

ఆయన గాలి మింగడం వినిపించింది.

"లేదమ్మా. మీ మాట. ఎప్పుడూ. రాలేదు."